చేపల గాజుతొట్టి కారుట: కారణములు, మరమ్మతు విధానము

గౌతమీ గోదావరి ఒడ్డున వెలసిన యానాములో చేప క్రొత్త వస్తువు కాదు. నదికి ఎఱ్ఱనీరు వచ్చినది మొదలు పులస కొరకు ఎదురుచూచుట ఇచ్చటివారికి ఏటేటి పండుగ వంటిది. అయితే వలతో పట్టి వండుకొను చేప వేరు. ముందుగదిలో గాజుతొట్టియందు ఉంచి, దాని విహారమును చూచి ఆనందించు చేప వేరు. మొదటిదానికి నీటిని నదియే ఇచ్చును. రెండవదానికి మనుష్యుడు నీరు పోసి, ఆ నీటిని గాజు పలకల నడుమ నిలిపి ఉంచవలెను. ఆ నిలుపుటలో లోపము కలిగినపుడు గృహస్థుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

యానామునకు చేరిన ఫరంపేటలో ఒక ఇంట నాలుగడుగుల గాజుతొట్టి ఉన్నదనుకొందము. ఒకనాటి ఉదయము స్టాండు కాలి యొద్ద తడి కనబడును. ఇంటివారు గుడ్డతో తుడుతురు. మరునాడు మరల తడి. అంతట బయటి వైపున లప్పము అద్దుదురు. అది ఊడిపోవును. తరువాత రెండు ముద్దలను కలిపి పూయు ఎపాక్సీని తెచ్చి ఆ మూలకు మెత్తుదురు. నాలుగు దినములు కారుట ఆగినట్లే ఉండి, అయిదవనాడు మరియొక మూలనుండి నీరు వచ్చును. లోపల మూడువందల లీటర్ల నీరు, ప్రక్కన విద్యుత్తు ప్లగ్గు, క్రింద నేల, నీటిలో కొన్ని సంవత్సరములుగా ఇంటి పిల్లలు మేత వేసి పెంచిన బంగారు చేపలు. సరకు కొరకును, పనివాని కొరకును సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఉన్న కాకినాడకు పోవలసి రావచ్చును. ఇట్టి స్థితిలో తొందరపాటు సహజము. కాని ఈ పనిని చెడగొట్టునది ఆ తొందరపాటే.

తొట్టి పూర్వచరిత్ర

జలచరములను గాజుపాత్రలో ఉంచి పరిశీలించు పద్ధతి మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1832 ప్రాంతమున సిసిలీ ద్వీపమునందు నివసించిన ఝాన్ విల్‌ప్ర పవర్ అను ఫ్రెంచి మహిళ, ఆర్గొనాట్ అను అష్టపాద జాతి సముద్రజీవిని పరిశీలించుటకై గాజుతొట్లను చేయించినది. ఆ జీవి తన గుల్లను ఇతర ప్రాణులనుండి అపహరించుట లేదనియు, తానే నిర్మించుకొనుననియు ఆమె నిరూపించినది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకై మత్స్యశాల తెరవబడినది. మరుసటి సంవత్సరమున, అనగా 1854లో, ఫిలిప్ హెన్రీ గాస్ ప్రచురించిన గ్రంథమువలన అక్వేరియం అను పేరు లోకమున వ్యాపించినది. మన దేశమున చెన్నపట్టణపు సముద్రతీరమున 1909లో అట్టిశాల వెలసి, తరువాత మూతపడినది. బొంబాయిలో తారాపోర్‌వాలా మత్స్యశాల 1951లో ఆరంభమైనది. తెలుగువారికి విశాఖపట్టణపు సముద్రతీరమునందలి మత్స్యదర్శిని సుపరిచితము.

ఆ పాత తొట్ల నిర్మాణము వేరు. ఇనుప చట్రమును చేసి, అందు గాజు పలకలను అమర్చి, సందులను సుద్దపొడియు అవిసెనూనెయు కలిపిన లప్పముతోనో, తారు వంటి పదార్థముతోనో పూడ్చెడివారు. బరువును చట్రము మోసెడిది. లప్పము నీటిని మాత్రము ఆపెడిది. లప్పము కాలక్రమమున ఎండి బీటలు వారును. ఇనుము త్రుప్పు పట్టును. యానాము వలె సముద్రపు గాలి సోకు ప్రదేశములలో ఆ త్రుప్పు మరింత వేగముగా వచ్చును.

1960 తరువాతి కాలమున సిలికోన్ అను జిగురు వాడుకలోనికి వచ్చి ఈ పద్ధతిని పూర్తిగా మార్చినది. ఇసుకలోను, దానినుండి తయారగు గాజులోను ఉన్న మూలకమునకు సిలికాన్ అని పేరు. ఆ మూలకమునే ప్రాణవాయువుతో గొలుసులుగా కూర్చి, ఇతర పదార్థములను చేర్చి చేసిన రబ్బరు వంటి వస్తువు సిలికోన్. ఈ చుట్టరికమువలననే అది గాజును విడువకుండ పట్టుకొనును. ఇప్పటి తొట్టికి చట్రము లేదు. అయిదు గాజు పలకలను ఒకదానితో నొకటి పట్టియుంచి, నీటిని ఆపి, బరువునకు తాళునది ఆ జిగురు ఒక్కటే. కావున నేటి తొట్టి కారుట యనగా కేవలము చిన్న రంధ్రము పడుట కాదు. తొట్టికి ప్రాణాధారమైన కట్టు ఎచ్చటనో సడలుట. ఈ భేదమును గ్రహింపక పాత తొట్టికి చేసినట్లు బయట లప్పము పూయుట నిష్ప్రయోజనము.

నీటి తోపుడు

నీరు క్రిందికి మాత్రమే బరువు మోపునని సామాన్యముగా తలతురు. అది ప్రక్కలకు కూడ త్రోయును. నిలిచియున్న నీటి ఒత్తిడి అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ అను విజ్ఞాని వివరించెను. 1954 వరకు యానామును పాలించిన ఫ్రెంచివారి దేశమే ఆయన జన్మస్థానము. లోతు పెరిగినకొలది ఆ ఒత్తిడి పెరుగును. ఒక సెంటీమీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒక గ్రాము. 55 సెంటీమీటర్ల లోతున 55 గ్రాములు.

120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో 55 సెంటీమీటర్ల ఎత్తున నీరు ఉన్నదనుకొందము. ఆ నీరు దాదాపు 297 లీటర్లు. బరువు దాదాపు అన్ని కిలోగ్రాములే. ముందు పలకమీద సగటు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 27.5 గ్రాములు. తడిసిన వైశాల్యము 6,600 చదరపు సెంటీమీటర్లు. ఈ రెంటిని గుణించినచో ముందు పలకను నీరు త్రోయు బలము సుమారు 180 కిలోగ్రాములని తేలును. ముగ్గురు మనుష్యుల బరువు అహర్నిశలు ఆ పలకకు ఆనుకొని ఉన్నదని భావింపవచ్చును. అందులో అధికభాగము అడుగు అంచునకు సమీపమున పనిచేయును.

ఈ లెక్కయందే ఒక ఉపాయము కూడ ఉన్నది. నీటి ఎత్తును సగమునకు తగ్గించినచో తోపుడు సగము కాదు, నాలుగవ వంతునకు తగ్గును. 180 కిలోగ్రాములు 45 అగును. కావున తడి కనబడిన క్షణమున చేయదగిన మొదటి పని జిగురు వెదకుట కాదు. విద్యుత్తును ఆపి, తీగలను ప్లగ్గునుండి తీసివేసి, నీటిని సగమునకు దించుట.

సందుల నుండి వచ్చు ప్రమాదమును అల్పముగా చూడరాదనుటకు బెర్లిను నగరమున 2022 డిసెంబరు 16న జరిగిన సంఘటన నిదర్శనము. ఒక హోటలు భవనమునందలి స్తంభాకారపు మహా మత్స్యపాత్ర తెల్లవారకముందే బ్రద్దలై, పది లక్షల లీటర్ల నీరు వీధిలోనికి ఉరికినది. అందున్న సుమారు 1,500 చేపలలో అత్యధికము మరణించినవి. అది గాజు కాదు, యాక్రిలిక్. ఇంటి తొట్టికి దానితో పోలిక పరిమాణమున లేదు. కాని నిలిచిన నీటి బలము శబ్దము చేయక పనిచేయుచుండుననుట రెండింటికి సమానము.

కారుచున్నది ఎచ్చట?

తడి కనబడిన ప్రతిసారియు తొట్టి కారుచున్నదని నిశ్చయింపరాదు. క్రొత్తగా చల్లని నీరు పోసినపుడు గాలిలోని తేమ గాజు వెలుపల చెమటవలె పట్టి క్రిందికి జారును. వడపోత యంత్రపు గొట్టముల కీళ్ళనుండి చుక్కలు పడవచ్చును. గాలిపంపు నీటిమట్టమునకు దిగువన ఉన్నచో, విద్యుత్తు పోయినపుడు నీరు సన్నని గాలిగొట్టము గుండ వెనుకకు నడిచి నేలమీద పడును. గొట్టము మధ్య నీటిని వెనుకకు రానీయని చిన్న కవాటమును అమర్చుటయో, పంపును తొట్టికంటె ఎత్తున ఉంచుటయో దీనికి పరిష్కారము. వేసవిలో నీరు ఆవిరియై తగ్గుట కూడ సహజమే. తొట్టి ప్రక్కన వెడల్పైన బేసినులో నీరు పోసి, రెండింటి మట్టములను గుర్తుపెట్టి, మరునాడు పోల్చి చూచినచో ఆవిరియైనదెంతో, కారినదెంతో స్థూలముగా తెలియును.

కారుట నిజమని తేలినపుడు చేపలను వేరు పాత్రకు మార్చి, స్థానమును వెదకవలెను. నీరు దిగుచు దిగుచు ఒక ఎత్తున ఆగిపోయినచో లోపము ఆ ఎత్తుననే ఉన్నదని అర్థము. ఆగక అడుగువరకు పోయినచో అది అడుగు సందులోనిది. వెలుపలి సందులను బాగుగా తుడిచి ఆరబెట్టి, సన్నని సుద్దపొడి చల్లినచో తడి నడచిన దారి గీతవలె కనబడును. తొట్టి క్రింద అంచుల వెంట పాత వార్తాపత్రిక ముక్కలను పరచినచో మొదట తడిసిన ముక్క మూలను చూపును.

అయితే ఇచ్చట ఒక ముఖ్యవిషయమును గుర్తుంచుకొనవలెను. గాజుతొట్టి సందులో జిగురు రెండు విధములుగా ఉండును. రెండు పలకల అంచుల నడుమ చిక్కుకొని వానిని పట్టియుంచు పలుచని పొర మొదటిది. లోపలి మూలలయందు తీర్చిన గుండ్రని పూత రెండవది. మొదటి పొరను నీటినుండి కాపాడునది ఇదియే. లోపలి పూత ఒకచోట లేచినచో నీరు అందు దూరి, పలకల నడుమ సందు వెంట కొంత దూరము ప్రయాణించి, దారి దొరికినచోట వెలికి వచ్చును. కారుట కుడి మూలలో కనబడవచ్చును. కారణము ఎడమ మూలలో ఉండవచ్చును. బయట కనబడిన చోటనే పూసినవారి శ్రమ వృథా యగుటకు ఇది మొదటి హేతువు.

పాత జిగురునకు క్రొత్త జిగురు అంటదు

రెండవ హేతువు ఇంతకంటె ముఖ్యమైనది. సిలికోన్ గాజునకు గట్టిగా అంటును. కాని ఒకసారి గట్టిపడిన సిలికోన్ మీద క్రొత్త సిలికోన్ సరిగా అంటదు. గాజుమీద దానికి రసాయనబంధము ఏర్పడును. గట్టిపడిన పాత పొరలో బంధమేర్పరచు శక్తి ఇంచుమించుగా వ్యయమైపోయి ఉండును. పైగా ఆ పొర ఉపరితలము నూనె పూసినట్లు దేనిని అంటనీయదు. కావున పాత పూతమీద పూసిన క్రొత్త పూత చూచుటకు అందముగా ఉండి, నీటి తోపుడునకు కొన్ని దినములలో అంచు లేచును. సగము పూతను తీసి సగము ఉంచినను, పాత క్రొత్తలు కలియు ప్రతి చోటను ఒక బలహీనస్థానము మిగులును. అందుచే లోపలి పూతను మరమ్మతు చేయదలచినవారు కారుచున్న మూలను మాత్రమే కాక నాలుగు నిలువు మూలలను, అడుగు చుట్టును పూర్తిగా గీకివేసి, అంతయు ఒకేసారి క్రొత్తగా పూయవలెను.

ఈ సూత్రము యానాము ప్రాంతమునకు క్రొత్త కాదు. సమీపమునందలి తాళ్ళరేవు, కోరింగ తీరములు కొయ్య పడవల నిర్మాణమునకు ప్రసిద్ధములు. పడవ పలకల సందులలో పత్తినో పీచునో దట్టించి, గుగ్గిలము కలిపి కాచిన నూనెను పూసి నీటిని ఆపుట పడవ పనివారి పద్ధతి. పడవ నీరు పట్టినపుడు అనుభవజ్ఞుడైన పనివాడు పాత దట్టింపుమీద క్రొత్తది కుక్కడు. క్రుళ్ళినదానిని లాగివేసి, సందును శుభ్రపరచి, ఆరనిచ్చి, అప్పుడు దట్టించును. వస్తువులు వేరైనను న్యాయము ఒక్కటియే. క్రొత్తది అంటుకొనవలసినది పాత మరమ్మతునకు కాదు, మూలపదార్థమునకు.

మరమ్మతు క్రమము

మొదట చేపల సంగతి చూడవలెను. వెడల్పైన ప్లాస్టిక్ టబ్బులో తొట్టి నీటినే పోసి చేపలను అందు మార్చవలెను. గాలిపంపును అందు అమర్చి, చేపలు ఎగిరిపడకుండ పైన వల కప్పవలెను. వడపోత యంత్రములోని స్పాంజిని ఎండనీయక ఆ టబ్బులోనే ఉంచవలెను. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియాను హానితక్కువ పదార్థముగా మార్చు సూక్ష్మజీవులు ఆ స్పాంజిలో నివసించును. అది ఎండినను, కుళాయినీటితో కడిగినను ఆ జీవులు నశించి, తొట్టి బాగుపడిన తరువాత చేపలు చచ్చును. మరమ్మతు ముగియు వరకు మేత తగ్గించి, దినమునకు నాలుగవ వంతు నీటిని మార్చుచుండవలెను. కుళాయినీటిలోని క్లోరిన్ పోవుటకు ఆ నీటిని ఒక దినము వెడల్పు పాత్రలో గాలి ఆడించుటయో, హైపో అనబడు సోడియం థయోసల్ఫేటును తగుమాత్రము కలుపుటయో అవసరము.

పిమ్మట తొట్టిని పూర్తిగా ఖాళీ చేయవలెను. నీరుగాని, గులకరాళ్ళుగాని ఉండగా తొట్టిని కదల్చరాదు. పలకలు మెలిపడి మంచి సందులు కూడ విడిపోవును. ఖాళీ తొట్టిని ఇద్దరు పట్టి, మెత్తని దుప్పటి పరచిన చదును నేలమీద దింపవలెను.

లోపలి పూతను పదునైన బ్లేడుతో, గాజునకు వాలుగా పట్టి గీకవలెను. బ్లేడు మొన పలకల నడుమనున్న పలుచని పొరలోనికి దిగరాదు. దిగినచో మరమ్మతు పేర తొట్టిని విప్పినట్లగును. అందలి ఉప్పు, సున్నపు మరకలను వినిగరుతో తుడిచి నీటితో కడిగి ఆరబెట్టవలెను. కడపట స్వచ్ఛమైన అసిటోనుతోగాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోగాని దూది తడిపి తుడువవలెను. గోళ్ళరంగును తీయుటకు అమ్ము ద్రవములలో నూనెలు కలసి ఉండును గనుక అవి పనికిరావు. ఈ ద్రవములు త్వరగా నిప్పు అంటుకొనునవి. పొయ్యికి, దీపమునకు దూరముగా, కిటికీలు తెరచి పనిచేయవలెను. తుడిచిన తరువాత గాజును వ్రేలితో తాకరాదు. చేతి జిడ్డు చాలును, పని చెడుటకు.

జిగురును కొనునపుడు పైనున్న వ్రాతను చదువుట మరువరాదు. అక్వేరియమునకు తగినదని స్పష్టముగా ఉన్న నూరుపాళ్ళ సిలికోన్ కావలెను. స్నానాల గదులకై బూజు పట్టకుండ మందు కలిపినది చేపలకు విషము. గడువు దాటిన గొట్టము సరిగా గట్టిపడదు. పైని చెప్పిన కొలతగల తొట్టికి నిలువు మూలలు నాలుగింటికి 240 సెంటీమీటర్లు, అడుగు చుట్టునకు 330 సెంటీమీటర్లు, మొత్తము 570 సెంటీమీటర్ల పూత పట్టును. మూలకు ఇరువైపుల 8 మిల్లీమీటర్ల చొప్పున పూసినచో సుమారు 180 మిల్లీలీటర్లు వ్యయమగును. 280 మిల్లీలీటర్ల గొట్టము ఒకటి చాలును.

మూలకు ఇరువైపుల అంత దూరమున అంటుకాగితపు పట్టీని తిన్నగా అతికించి, గన్నుతో ఎడతెగని ధారగా జిగురును నింపి, వెంటనే సబ్బునీరు తగిలించని శుభ్రమైన ప్లాస్టిక్ గరిటెతోగాని, తొడుగు వేసిన వ్రేలితోగాని ఒక్క సారింపున నునుపు చేయవలెను. నడుమ గాలిబుడగ చిక్కరాదు. పది నిమిషములలో పైన తోలు కట్టనారంభించును గనుక అంతకుముందే పట్టీని ఊడదీయవలెను. ఒకరు జిగురు పోయుచుండ మరియొకరు నునుపు చేసినచో పని సుకరము. నిలువు మూలలను ముందుగా, అడుగును తరువాత, ఒకే పూటలో ముగింపవలెను.

ఆరుటకు పట్టు కాలము

ఇంతవరకు చేయు పని ఒక పూటది. దీని తరువాత చేయవలసినది ఏమియు చేయకుండుట, అదియే కష్టము. ఈ జిగురు ఎండవేడికి ఆరునది కాదు. గాలిలోని తేమను గ్రహించి గట్టిపడును. ఆ సమయమున అసిటిక్ ఆమ్లమును విడుచును గనుక వినిగరు వాసన వచ్చును. తీరప్రాంతపు చెమ్మగాలి ఈ పనికి అనుకూలమే. కాని తేమ పైనుండి లోనికి మెల్లగా చొరవలెను. ఒక దినమునకు రెండు మూడు మిల్లీమీటర్ల మందము మాత్రమే గట్టిపడును. పైపొర గంటలోనే ఆరినట్లు తోచినను లోపల మెత్తగానే ఉండును. పెద్ద తొట్టికి ఏడు దినములు ఆగుట క్షేమము. మూలయొద్ద వినిగరు వాసన వచ్చుచున్నంతవరకు నీరు పోయరాదు.

ఈ వారము దినములలో పిల్లలు ప్రతి ఉదయము అడుగుదురు. టబ్బులోని చేపలు బిక్కుబిక్కుమనుచున్నట్లు కనబడును. మూడవనాడు తాకి చూచి, గట్టిగానే ఉన్నదని నీరు పోయ బుద్ధి పుట్టును. అట్లు పోసినచో అప్పటివరకు చేసిన పని అంతయు మరల మొదటికి వచ్చును.

ఈ అవకాశమున స్టాండును పరీక్షించుట మంచిది. ఏలనన, సందు సడలుటకు జిగురు వయస్సు ఒక కారణమైనచో, నేల వాలు మరియొక కారణము. యానాము గోదావరి డెల్టాలోని ఒండ్రునేలమీద ఉన్నది. ఇట్టి నేలలో గచ్చు ఒక ప్రక్కకు క్రుంగుట వింత కాదు. 2022 జూలైలో గోదావరి వరద పల్లపు వీధులలోనికి వచ్చినట్లు వచ్చినపుడు ఆ క్రుంగుట మరింత కావచ్చును. ఇనుప స్టాండు కాలు త్రుప్పుపట్టి తరుగుట కూడ కలదు. ఒక మూల కొంచెము దిగినను మూడువందల కిలోగ్రాముల బరువు సమముగా పడక, అడుగు పలక మెలిపడి సందును లాగును. తాపీమేస్త్రీ వాడు రసమట్టమును పొడవునను, అడ్డముగను, ఐమూలగను పెట్టి చూచి, కాళ్ళ క్రింద లోహపు రేకులను దోపి సమము చేయవలెను. బల్లమీద ఒక అంగుళము మందపు థర్మోకోల్ పలకను పరచినచో చిన్న మిట్టపల్లములు గాజునకు తగులవు. తొట్టిని బాగుచేసి బల్లను బాగుచేయకున్నచో, కారణము అట్లే ఉండగా కార్యమును మాత్రము అణచినట్లగును.

పరీక్ష

ఎనిమిదవ దినమున తొట్టిని స్టాండుమీద ఉంచి, క్రింద వార్తాపత్రికలను పరచి, మొదట నాలుగవ వంతు నీరు పోసి కొన్ని గంటలు చూడవలెను. తరువాత సగమునకు నింపి ఒక రాత్రి ఉంచవలెను. సగమునకు తాళినది నిండునకు తాళునని నమ్మరాదు. సగమున ఉన్న తోపుడు నిండులోని తోపుడులో నాలుగవ వంతే గదా. అటుపిమ్మట పూర్తిగా నింపి రెండు దినములు ఉంచి, కాగితములు పొడిగా ఉన్నచో మరమ్మతు సఫలమైనదని తలపవచ్చును. ఆ నీటిని పారబోసి, క్లోరిన్ లేని నీరు నింపి, స్పాంజిని స్వస్థానమున అమర్చి, నీటి వేడిమి రెండింట సమమైన తరువాత చేపలను విడువవలెను.

మరమ్మతు చేయరాని తొట్లు

గృహస్థుని చేతి పనికి హద్దు కలదు. గాజు పలకయే బీట వారినచో జిగురు దానిని రక్షింపదు. బీట కొనయందు బలము కేంద్రీకృతమగును గనుక అది ఒకనాడు హఠాత్తుగా సాగును. అడుగు పలకలో బీట కనబడిన తొట్టిలో మరల నీరు పోయుట అపాయకరము. పలకల నడుమనున్న పలుచని పొరలో తెల్లని మచ్చలు, పొడవైన బుడగలు కనబడినను, పలకలు కొంచెమైనను విడివడినను, లోపలి పూత మార్చినందున లాభము లేదు. ఆ తొట్టిని పూర్తిగా విప్పి, ప్రతి అంచును గీకి, మరల కూర్చవలెను. అది అనుభవము గల పనివాని పని. నీటి ఎత్తు 60 సెంటీమీటర్లు దాటిన తొట్లకును, పై అంచున అడ్డుగా ఉండవలసిన గాజు పట్టీలు ఊడిన తొట్లకును ఇంటిలో ప్రయోగములు చేయుట తగదు. అట్టి తొట్టిని నీరు లేక, మొక్కలు పెంచుటకు వాడుకొనుట మేలు.

ముగింపు

తొట్టి కారుట అల్పవిషయముగా తోచును. ఒక ఇంటి నేల తడియుట, కొన్ని చేపలు చచ్చుట లోకమునకు పెద్ద నష్టము కాదు. కాని తడిసిన నేలమీద నిలిచి ప్లగ్గును ముట్టినవానికి అది అల్పము కాదు. గాజు పలక విడిపోయిన క్షణమున దాని ముందు కూర్చున్న పసివానికి అది అల్పము కాదు. మూట కట్టి తెచ్చిన నాటినుండి తన మేత కొరకు ఒక చేతినే నమ్ముకొన్న ప్రాణికి అది అల్పము కాదు. నదిలోని చేప నీరు తగ్గినపుడు లోతునకు పోగలదు. తొట్టిలోని చేపకు ఆ స్వాతంత్ర్యము లేదు. దానిని తెచ్చి ఉంచినవారే దానికి నదియు, గట్టును.

కావున తడి కనబడిననాడు విద్యుత్తును ఆపుట, నీటిని దించుట, చేపలను కాపాడుట మొదటి కర్తవ్యము. పాతదానిని పూర్తిగా తొలగించి శుద్ధమైన గాజుమీద క్రొత్త జిగురును పూయుట రెండవది. అది గట్టిపడువరకు ఓర్చుకొనుట మూడవది. ఈ మూడింటిలో మొదటి రెండును చేసి మూడవదానిని విడిచినవారే మరల మరల మరమ్మతు చేయుచుందురు.